మస్టర్ రోల్ గట్టిగా చదివిన రోజు

టెక్కలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో కొన్నేళ్ల కిందట ఉపాధి హామీ సామాజిక తనిఖీ (పని లెక్కలు ఊరి వాళ్ల ముందే చదివి సరిచూడటం) గ్రామసభ చూశాను, ఇవాళ పొద్దున్నుంచి అదే గుర్తొస్తోంది. రావిచెట్టు కింద పట్టా పరిచారు, ఒక సంఘం తరఫున వచ్చిన అమ్మాయి మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, పట్టుకుని పేరు, పని రోజులు, డబ్బు గట్టిగా చదువుతోంది. ఒక పేరు దగ్గర వెనక నుంచి ఓ ముసలమ్మ లేచింది. "నాను ఆ వారం పనికెల్నేదమ్మా, కూతురి పురుడుకి పలాస ఎల్లాను" అంది. కాగితం మీద మాత్రం ఆమె వేలిముద్ర ఉంది. సభంతా ఒక్కసారి గప్‌చుప్.

గ్రామసభే లెక్కలు తనిఖీ చేయాలని 2005 నాటి ఉపాధి చట్టం 17వ సెక్షన్‌లోనే ఉండేది. కానీ ఆ అమ్మాయి అంతకుముందు మూడు రోజులు ఇంటింటికీ తిరిగి, పాస్‌బుక్కులు చూసి, "మీ పేరు పిలుస్తాం, భయపడకుండా చెప్పండి" అనకపోతే ఆ ముసలమ్మ లేచేదా? నాకైతే నమ్మకం లేదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీలు, రైతుల సంఘం వాళ్లు 1994లో ఇలాగే ఊరి మధ్యలో లెక్కలు చదివించడం మొదలుపెట్టారు, సమాచార హక్కు చట్టం కోసం జరిగిన పోరాటానికి పెద్ద బలం అక్కడి నుంచే వచ్చింది.

సభ అయ్యాక ముసలమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని, "నా పేరెక్కడుందో సూపించమ్మా" అంది. చదువు రాదు, అయినా ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.