పసుపు వంతెనల కింద మస్కీ

మస్కీ చేప కావాలంటే షటాక్వా సరస్సుకి వెళ్ళు, సెలవు దొరికితే కెనడా వెళ్ళు, ఊరి మధ్యలో ఏముంటుంది? పిట్స్‌బర్గ్‌లో ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఇదే. నేను పట్టించుకోలేదు. నాకు బోటు లేదు. వారాంతంలో గంటల కొద్దీ కారు నడిపే ఓపికా లేదు. అన్నిటికీ మించి, నా ఉద్యోగం వంతెనల తనిఖీ. ఈ ఊళ్ళో నదుల మీద ఉన్నన్ని వంతెనల కింద చేప ఉండదంటే నమ్మబుద్ధి కాలేదు.

ముందు ఊరి సంగతి చెప్పాలి. ఉత్తరం నుంచి అలెఘనీ, దక్షిణం నుంచి మొనాంగహీలా వచ్చి డౌన్‌టౌన్ కొసన కలుస్తాయి. అక్కడినుంచి అది ఒహాయో నది. మొనాంగహీలాని ఇక్కడ ఎవరూ పూర్తిగా పలకరు, ‘మాన్’ అని సరిపెడతారు. బొగ్గు మోసే చదును పడవలు, అంటే బార్జీలు, తిరగడానికి లోతు కావాలి కాబట్టి ఎక్కడికక్కడ ఆనకట్టలు, లాకులు కట్టారు. అలెఘనీ మీద హైలాండ్ పార్క్ దగ్గర, మాన్ మీద బ్రాడక్ దగ్గర, ఒహాయో మీద ఎమ్స్‌వర్త్ దగ్గర ఉన్న ఆనకట్టల మధ్య నిలిచే నీటిని పిట్స్‌బర్గ్ పూల్ అంటారు. సగం నది, సగం చెరువు. నా వేట అంతా ఈ నీళ్ళలోనే.

మస్కీ అంటే పైక్ కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద చేప. పొడవాటి చదును మూతి, నోటినిండా పళ్ళు, ఒంటిమీద నిలువు చారలు. నాలుగడుగులు దాటినవి కూడా ఉంటాయి. గుణం మాత్రం మన కొర్రమీనుదే: చాలావరకు వెంటపడి తరమదు, కదలకుండా కాపు కాసి ఒక్కసారి మీద పడుతుంది. అలా కాపు కాయడానికి దానికి చాటు కావాలి. సరస్సులో అయితే నాచు, పడిపోయిన చెట్లు ఉంటాయి. నగరం నదిలో ఆ పని వంతెన స్తంభాలు చేస్తాయి.

ఇక్కడ నా ఉద్యోగం అక్కరకొచ్చింది. ప్రవాహం స్తంభం ఎగువ ముఖానికి గుద్దుకున్నప్పుడు కొంత నీరు కిందికి దిగి అడుగునున్న ఇసకని, గులకరాళ్ళని తవ్వుకుపోతుంది. ఆ గుంటని మేం స్కవర్ అంటాం. స్కవర్ మాకు టెన్షన్. నీటిలో ఉన్న పునాదుల్ని అయిదేళ్ళకోసారైనా డైవర్లని దింపి చూసేది ముఖ్యంగా దానికోసమే. చేపకి మాత్రం అది ఉచితంగా దొరికిన ఇల్లు. స్తంభం దిగువన నీటి జోరు తగ్గి మెల్లగా సుడి తిరుగుతుంది. మస్కీ అక్కడ ఒళ్ళు అలవకుండా నిలబడి, పక్కన జోరు నీటిలో కొట్టుకుపోయే గిజార్డ్ షాడ్ చేపల్ని అందుకుంటుంది. (ఆఫీసు రిపోర్టులు చూసి గాలం వేస్తున్నానని అనుకునేరు. స్తంభం చుట్టూ నీరెలా తిరుగుతుందో సివిల్ ఇంజనీరింగ్ పుస్తకాల్లోనే ఉంటుంది.)

డౌన్‌టౌన్‌లో అలెఘనీ మీద ఒకే పోలికతో మూడు పసుపు వంతెనలు వరసగా ఉంటాయి. వాటిలో క్లెమెంటే వంతెన బేస్‌బాల్ స్టేడియం పక్కనే. మ్యాచ్ ఉన్న రోజు అటు వెళ్ళను. జనం రెయిలింగ్ మీదనుంచి వంగి "ఏమైనా పడిందా?" అని అరుస్తారు, కింద అద్దె కయాక్‌లు తిరుగుతుంటాయి. వంతెనలు కాకపోతే వాగులు కలిసే చోట్లు చూస్తాను: ఒహాయోలో షార్టియర్స్ క్రీక్, మాన్‌లో నైన్ మైల్ రన్. బార్జీలని కట్టేసే పెద్ద గుండ్రటి సిమెంటు దిమ్మలు కూడా మంచి చోట్లే. బార్జీలని నెట్టుకెళ్ళే టో బోట్ వస్తే మాత్రం గాలం తీసి పక్కకి తప్పుకోవాలి, దాని ప్రొపెల్లర్ నీళ్ళు ఒడ్డుదాకా కొడతాయి.

రాజమండ్రిలో మా చిన్నమామయ్యతో హేవ్‌లాక్ వంతెన దిగువన వానపాము గుచ్చి గాలం వేసిన అలవాటు ఇక్కడ పనికిరాదు. మస్కీకి వాడేది జానెడు, ఒక్కోసారి మూరెడు ఉండే ల్యూర్, అంటే బొమ్మ ఎర. రాడ్ తొమ్మిది అడుగులు, దారం 80 పౌండ్ల బలం ఉన్న అల్లిక దారం, పళ్ళకి తెగకుండా చివర లీడర్ అనే లావుపాటి ముక్క. రోజంతా విసిరితే మర్నాడు కీబోర్డు మీదికి చెయ్యి లేవదు. పదివేల విసుర్లకి ఒక చేప అని మస్కీకి పేరు. నా లెక్కలో అది కొంచెం గొప్పలకి పోయి చెప్పిన మాట. కానీ మరీ ఎక్కువేం కాదు.

అసలు పిచ్చెక్కించేది అది పడకపోవడం కాదు, వెంట రావడం. ల్యూర్ వెనకే ఒక జానెడు దూరంలో ఆ మూతి తేలుతూ వస్తుంది. ఒడ్డుదాకా వచ్చి, చూసి, తోక తిప్పి వెళ్ళిపోతుంది. అందుకే ల్యూర్ దగ్గరికి రాగానే పైకి లాగేయకూడదు. రాడ్ కొస నీళ్ళలో ముంచి పెద్దగా ఎనిమిది అంకె గీయాలి. మలుపు దగ్గర ల్యూర్ దారి మారినప్పుడు వెంట వచ్చిన చేప చాలాసార్లు అక్కడే కొడుతుంది. బోటులో వాళ్ళకి ఇది తేలిక. నగరంలో మనం నిలబడేది నీటికి నిలువెత్తు పైన, రాతి గోడ మీద. రాడ్ ఎంత పొడుగున్నా గోడమీద బోర్లా పడుకోవలసిందే. నన్నలా చూసి జాగింగ్ చేసుకునే ఒకావిడ ఆగి, అంబులెన్స్ పిలవాలా అని అడిగింది.

నాతో వచ్చేది మా ఎదురింటి పెద్దాయన. పడవల రిపేరు యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన చిన్నతనంలో మాన్ నదిలో చెయ్యి పెట్టాలన్నా ఇంట్లో ఒప్పుకునేవారు కాదట. గనుల నుంచి ఆమ్లం, మిల్లుల నుంచి నూనె, ఇళ్ళ నుంచి మురుగు అన్నీ అందులోకే. 1972లో నీటి కాలుష్యం మీద కేంద్ర చట్టం వచ్చింది, ఎనభైలలో ఉక్కు మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో ఆగిపోయింది; ఇప్పుడక్కడ షాపింగ్ సెంటర్, దాని పక్కన వరసగా నిలబడ్డ పాత పొగగొట్టాలు. నీళ్ళు బాగుపడ్డాయని నేను ఉత్సాహంగా అంటే ఆయన ఒప్పుకుంటారు గానీ, "మిల్లు పోయాకే చేప వచ్చింది, మా అన్న ఉద్యోగం కూడా అప్పుడే పోయింది" అంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పూర్తిగా బాగుపడిందనీ కాదు. వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోయే పాత డ్రైనేజీ ఇప్పటికీ ఉంది. గట్టి వాన పడితే అది పొంగి నదిలో కలుస్తుంది. వాన తర్వాత రెండు మూడు రోజులు నేను వెళ్ళను. నడి వేసవిలో కూడా వెళ్ళను: నీరు 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మస్కీ లాగుడుకి అలసిపోయి, వదిలేసినా బతకడం కష్టం. మంచి కాలం అక్టోబరు చివరినుంచి, చేతివేళ్ళు కొంకర్లు పోయే రోజులు.

పోయిన నవంబరులో అలెఘనీలోని హెర్స్ ఐలండ్ వెనక పాయలో మస్కీ పడింది. ఒకప్పుడు పశువుల కొట్టాలు, కబేళాలు ఉన్న లంక అది, ఇప్పుడు ఖరీదైన ఇళ్ళు. తెల్లవారుజామున పడవ పందేల పిల్లలు తెడ్లు వేసుకుంటూ వెళ్ళిపోయాక, 31వ వీధి వంతెన నీడలో, ఎనిమిది అంకె రెండో మలుపులో కొట్టింది. లాగుతున్నంతసేపూ ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. పెద్దాయన "వదులు, వదులు, దారం వదులు" అని అరవడం ఒక్కటే గుర్తుంది. వలలోకి వచ్చాక పైకి ఎత్తలేదు. వల నీళ్ళలోనే ఉంచి, దవడలో దిగిన కొక్కేన్ని కట్టర్‌తో కత్తిరించాం. పట్టీ మీద 43 అంగుళాలు. ఒక్క ఫోటో. తర్వాత నేను మెట్ల మీద మోకాళ్ళ లోతు నీటిలో నిలబడి, ఒక చేత్తో తోక మొదలు, ఇంకో చేత్తో పొట్ట కింద పట్టుకుని ఉన్నాను. కాసేపటికి మొప్పలు గట్టిగా ఆడించి, నా ముఖాన నీళ్ళు కొట్టి పోయింది.

ఇక్కడి రూలు ప్రకారం 40 అంగుళాలు దాటితే రోజుకి ఒకటి ఇంటికి తీసుకెళ్ళవచ్చు. మస్కీ వేటగాళ్ళు దాదాపు ఎవరూ తీసుకెళ్ళరు. అంత పెరగడానికి ఏళ్ళు పడుతుంది. పైగా ఈ నదుల చేపల్ని తినడం గురించి ప్రభుత్వ హెచ్చరికలు ఉన్నాయి.

ఆ సాయంత్రం అమ్మకి ఫోటో పంపాను. వెంటనే ఫోన్.

"అంత చేపని పట్టి వదిలేశావా? అదేం చోద్యంరా?"

"ఇక్కడ అంతేనమ్మా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముళ్ళెక్కువా?" అంది.

"చాలా ఎక్కువ. చీలిన ముళ్ళు."

"అయితే వదిలేయడమే మంచిదిలే."

మా ఆవిడ గొడవ వేరు. శనివారం పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి, పులిహోర పొట్లం పట్టుకుని అక్కడినుంచే నదికి వెళ్ళడం తనకి నచ్చదు. చంపడం లేదు కదా అంటాను. "హింసించడం లేదా?" అంటుంది. అందుకని ఇప్పుడు ఆదివారాలకి మార్చాను.

నది నీటిమట్టం రోజూ ఫోన్‌లో చూస్తున్నాను. డౌన్‌టౌన్‌లో మాన్ ఒడ్డునే కార్ పార్కింగ్ ఉంది, నది పొంగితే మొదట మునిగేది అదే. ఇప్పుడు దాని మీదికి నీళ్ళొచ్చాయి కాబట్టి ఈ వారానికి సెలవు. ఈలోగా పెద్దాయన గోడమీదనుంచి చేపని అందుకోవడానికి వల పిడికి, గోడలకి సున్నం వేసే పొడుగు లోహపు గొట్టం బిగించారు. వెల్డింగ్ బాగుంది. మా కార్లో పట్టదు.