పవర్ యాప్స్‌లో నత్తనడక వదిలించిన నా అనుభవం

పవర్ యాప్స్‌లో (పెద్దగా కోడ్ రాయకుండా యాప్‌లు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) కట్టి, షేర్‌పాయింట్ లిస్టుల (ఆన్‌లైన్ డేటా పట్టికలు) మీద నడిచే మా ఆర్డర్ల యాప్ ఎట్టకేలకు దారికొచ్చింది. వేడి మీదే రాసేస్తున్నా. యాప్ కట్టిన ఏజెన్సీని అడిగితే ముందు "మీ నెట్ స్లో" అన్నారు, ఆ తర్వాత "పెద్ద లైసెన్సు కొనండి" అన్నారు. డబ్బు కట్టేముందు ఒక్కసారి పవర్ యాప్స్‌లోనే ఉండే మానిటర్ అనే టూల్ తెరిచి చూడండి. సర్వర్‌ను యాప్ ఎన్నిసార్లు అడుగుతోందో, ఒక్కో కాల్‌కి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో, ఎంత డేటా వస్తోందో అందులో వరుసగా కనిపిస్తుంది. యాప్ కట్టే స్టూడియోలోని ప్రివ్యూలో కాదు, పబ్లిష్ చేసిన యాప్ మీద పెట్టి చూడాలి. రెండింటి వేగం ఒకటి కాదు.

ఆన్‌స్టార్ట్ (యాప్ తెరవగానే నడిచే ఫార్ములా) సంగతి తేలిగ్గా తేలిపోయింది. ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న క్లియర్‌కలెక్ట్‌లను (లిస్టు డేటాని యాప్ మెమరీలోకి తెచ్చే ఫంక్షన్) కంకరెంట్ ఫంక్షన్‌లో పెడితే అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఒకదాని ఫలితం మీద ఇంకొకటి ఆధారపడితే మాత్రం ఆ రెండింటినీ కలిపి అందులో పెట్టకూడదు. స్క్రీన్ మార్చడానికి ఆన్‌స్టార్ట్‌లో రాసిన నావిగేట్ తీసేసి, ఏ స్క్రీన్‌తో మొదలవ్వాలో చెప్పే స్టార్ట్‌స్క్రీన్ వాడండి. మొదటి స్క్రీన్‌కి అక్కర్లేనివి నేమ్డ్ ఫార్ములాల్లోకి (యాప్ మొత్తానికీ పేరు పెట్టి రాసుకునే ఫార్ములాలు) మార్చండి, అవసరం పడ్డప్పుడే లెక్కకొస్తాయి.

అసలు తలనొప్పి గ్యాలరీ, అంటే రికార్డులను వరుసలుగా చూపించే భాగం. యాప్ తెరవగానే బాగానే ఉండేది. కిందికీ పైకీ నాలుగుసార్లు స్క్రోల్ చేసేసరికి బిగుసుకుపోయేది, కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలే. నెట్‌ది తప్పయితే ఇలా లెక్కగా ఆగదు కదా! మానిటర్‌లో చూస్తే కస్టమర్ల లిస్టుకి గెట్‌రోస్ (వరుసలు తెమ్మని అడిగే) కాల్స్ చీమలబారులా కనిపించాయి, వాటి మధ్యలో అక్కడక్కడా 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నావనే ఎర్రర్). ఆర్డర్ల లిస్టులో ఉన్నది కస్టమర్ కోడ్ మాత్రమే. పేరు, ఊరు, ఫోన్ నంబరు చూపించడానికి గ్యాలరీలోని మూడు లేబుళ్లలో మూడు లుకప్‌లు (కోడ్‌ని బట్టి ఇంకో లిస్టులో వెతికే ఫంక్షన్) రాసిపెట్టారు. అంటే వంద వరుసలు చూపిస్తే మూడొందల కాల్స్ దాకా పోతాయి. యాప్‌ని షేర్‌పాయింట్‌తో కలిపే కనెక్టర్ ఒక కనెక్షన్‌కి 60 సెకన్లలో 600 కాల్స్ వరకే ఒప్పుకుంటుంది. అది దాటితే 429 ఇచ్చి ఆపేస్తుంది, యాప్ ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. బిగుసుకుపోవడం అంటే అదే. పది రికార్డులు పెట్టుకుని టెస్ట్ చేసి చేతులు దులుపుకుంటే ఇది కనబడదు మరి.

దీనికి దారులు రెండున్నాయి. మాస్టర్ లిస్టు (ఇక్కడ కస్టమర్లది) చిన్నదైతే మొదట్లోనే కలెక్షన్‌లోకి (యాప్ మెమరీలో ఉండే పట్టిక) తెచ్చుకుని లుకప్ దాని మీద రాయండి, అప్పుడు నెట్‌వర్క్ కాల్ ఉండదు. కానీ క్లియర్‌కలెక్ట్ తెచ్చేది డేటా రో లిమిట్ (సెట్టింగ్స్‌లో పెట్టే వరుసల హద్దు) వరకే. అది మామూలుగా 500, ఎంత పెంచినా 2000. లిస్టు అంతకు మించితే మిగతావి చప్పుడు లేకుండా రాలిపోతాయి, ఎర్రర్ కూడా రాదు, పేరు చోట ఖాళీ కనిపిస్తుందంతే. లిమిట్‌ని 2000కి లాగి "ఫిక్స్ చేశాం" అనేవాళ్లని నమ్మకండి.

లిస్టు పెద్దదైతే ఆర్డర్ సేవ్ చేసే ప్యాచ్ ఫంక్షన్‌లోనే కస్టమర్ పేరు, ఊరు, ఫోన్ కూడా రాసేయాలి. పాత రికార్డులకి పవర్ ఆటోమేట్ (పనులను దానంతటదే చేసిపెట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) ఫ్లోతో ఒక్కసారి నింపాలి. మేం చేసింది ఇదే. ఒకే సమాచారం రెండు చోట్ల ఉండకూడదని డేటాబేస్ పండితులు గొణుగుతారు, గొణగనివ్వండి. ఆర్డర్ వేసిన రోజున ఆ కస్టమర్ పేరేమిటో ఆర్డర్‌లోనే ఉండటం లెక్కలకీ మంచిదే. షేర్‌పాయింట్ బదులు డేటావర్స్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్) వాడేవాళ్లకి ఈ తంటా లేదు. రెండు టేబుళ్ల మధ్య రిలేషన్ ఉంటే దిస్‌ఐటమ్ (గ్యాలరీలో ఆ వరుస) తర్వాత చుక్క పెట్టి అవతలి టేబుల్ కాలమ్‌ని నేరుగా తీసుకోవచ్చు. ఎక్స్‌ప్లిసిట్ కాలమ్ సెలెక్షన్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కావలసిన కాలమ్‌లే వస్తాయి.

ఇక డెలిగేషన్, అంటే వెతికే పనిని సర్వర్‌కే అప్పగించడం. ఫార్ములా పక్కన పసుపు త్రికోణం కనిపించిందంటే, ఫిల్టర్ పని సర్వర్ చేయడం లేదని, మొదటి 500 (లేదా మీరు పెట్టిన లిమిట్) రికార్డులే ఫోన్‌కి దించుకుని అక్కడ వెతుకుతోందని అర్థం. టెస్ట్ చేసేటప్పుడు డేటా రో లిమిట్ 1 పెట్టండి. డెలిగేట్ కాని చోటల్లా ఒకే రికార్డు వచ్చి తప్పు తనంతట తానే బయటపడుతుంది. పని అయ్యాక లిమిట్ వెనక్కి మార్చడం మరవొద్దు. ఫిల్టర్‌లో వాడే స్టేటస్, తేదీ లాంటి కాలమ్‌లకి షేర్‌పాయింట్‌లో ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) పెట్టండి. లిస్టు 5000 రికార్డులు దాటకముందే పెట్టుకుంటే గొడవ ఉండదు. ఒక లిస్టుకి 20 ఇండెక్సులే కుదురుతాయి కాబట్టి చూసి ఖర్చుపెట్టండి.

సెర్చ్ బాక్స్‌కి డిలేఅవుట్‌పుట్ (టైపింగ్ కాస్త ఆగాకే వెతికే సెట్టింగ్) ఆన్ చేయండి, లేకపోతే ఒక్కో అక్షరానికీ ఒక కాల్ పోతుంది. ఒక స్క్రీన్‌లోని కంట్రోల్‌ని ఇంకో స్క్రీన్ ఫార్ములాలో పేరు పెట్టి పిలవకండి, ఆ స్క్రీన్ కూడా లోడ్ అవుతుంది. విలువని వేరియబుల్‌లో పెట్టి పంపండి.

సెర్చ్ ఫంక్షన్ షేర్‌పాయింట్‌లో డెలిగేట్ కాదు కాబట్టి పేరు మొదటి అక్షరాలతో వెతికే స్టార్ట్స్‌విత్ పెట్టాం. పేరు మధ్యలో ముక్కతో వెతకడం కుదరట్లేదని సేల్స్ వాళ్లు ఇప్పటికీ సణుగుతున్నారు. వాళ్లకి ఆర్డర్ నంబరుతో వెతికే ఇంకో బాక్స్ ఇచ్చాం.