రావలసినవి

రాత్రి పదకొండైంది. రూమ్‌లో ఇద్దరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే ఈ రోజు సంగతి రాసి పెట్టుకుంటున్నా.

ఇది నా ఏడో ఇంటర్వ్యూ. పొద్దున ఆరింటికే లేచి, హాస్టల్ బాత్రూమ్ దగ్గర లైన్‌లో నిలబడి, ఇస్త్రీ చేసిన చుడీదార్ నలగకుండా ఎస్సార్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో మారి రాయదుర్గం రైలు ఎక్కితే ఎటు చూసినా మెడల్లో ఐడీ కార్డులే. పెద్దమ్మ గుడి స్టేషన్ వస్తుంటే పక్కనున్న ఆవిడ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నా.

ఇంటర్వ్యూ బాగా జరిగింది. మొదటి పది నిమిషాలు ఎప్పుడూ అడిగేవే. తర్వాత ప్రాజెక్టు గురించి అడిగారు. నా ప్రాజెక్టు రిసీవబుల్స్ మేనేజ్‌మెంట్ మీద, అంటే కంపెనీకి రావలసిన బాకీల వసూలు మీద. నేను చేసిన కంపెనీ షాపులకు 45 రోజుల అప్పు మీద సరుకు ఇస్తుంది, డబ్బు చేతికి వచ్చేసరికి 70 రోజులు దాటుతోంది. "ఎందుకని?" అన్నారు మేడమ్. రేషియోలు చెప్పకుండా నేను చూసింది చెప్పాను. కలెక్షన్‌కి వెళ్లే అన్నతో కలిసి రెండు వారాలు షాపులు తిరిగాను. షాపాయన దగ్గర డబ్బు ఉంటుంది. కాకపోతే రేపు సరుకు ఆపేస్తారని ఎవరి మీద భయం ఉందో ముందు వాళ్లకు కడతాడు. ఆపలేని వాళ్లను రేపు రమ్మంటాడు. మేడమ్ తలెత్తి, పెన్ను పక్కన పెట్టి విన్నారు. ఈ రెండేళ్లలో నేను నిజంగా నేర్చుకున్నది ఇదేనని అప్పుడు అనిపించింది.

తర్వాత ఆఫర్ వివరాలు చెప్పారు. సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు, 3,60,000. వినగానే నెలకు ముప్పై వేలు అనుకున్నా. ఫైనాన్స్ చదువుతున్నదాన్ని కదా, బయటికొచ్చి మెట్రో మెట్ల మీద కూర్చుని లెక్క వేశాను. అందులో 60,000 వేరియబుల్, టార్గెట్ చేరితేనే. మిగిలిన మూడు లక్షలు పన్నెండు నెలలకు పంచితే 25,000. బేసిక్ 12,500. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,500, ఆ పాతిక వేలలోదే. గ్రాట్యుటీ కింద 4.81 శాతం, ఇంకో 601. గ్రాట్యుటీ చేతికి రావాలంటే ఐదేళ్లు అక్కడే పనిచేయాలి. మిగిలిన 22,899లో నా వాటా పీఎఫ్ 1,500, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే 21,199. ఇది తక్కువని నేను అనను. మా ఇంట్లో నెలనెలా ఇంత జీతం ఇప్పటిదాకా ఎవరూ తేలేదు. కానీ ముప్పై అని ఇంటికి ఫోన్ చేసి ఉంటే ఎంత తప్పయ్యేదో.

అసలు చిక్కు చివర్లో వచ్చింది. జాయినింగ్ రోజు ఒరిజినల్స్ చూపించాలట. నావి కాలేజీలో ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా విడుదల కాలేదు, ఆ 54,000 కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామంటున్నారు. వైఎస్ రాజశేఖర్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైన పథకం ఇది. అది లేకపోతే బీకాంతోనే ఆగిపోయేదాన్ని, ఆ మాట ఎప్పటికీ మరచిపోను. కానీ ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన డబ్బుకు నా డిగ్రీ మెమోలు తాకట్టులో ఉండటం ఏం న్యాయం? ఉద్యోగం వస్తే ఆ డబ్బు నేనే కట్టగలను. సర్టిఫికెట్లు లేనిదే ఉద్యోగం రాదు. ఒరిజినల్స్ తమ దగ్గరే ఉన్నాయని కాలేజీ వాళ్లు కస్టోడియన్ సర్టిఫికెట్ రాసిస్తే సరిపోతుందా అని హెచ్ఆర్‌ని అడిగాను. కనుక్కుని చెప్తానన్నారు.

సాయంత్రం బైండింగ్ షాపులో ప్రాజెక్టు కాపీలు తీసుకున్నాను. నల్ల అట్ట మీద బంగారు అక్షరాల్లో నా పేరు. కాసేపు అలా చేత్తో తడుముతూ నిలబడ్డాను.

తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేశాడు. నాన్న ఖమ్మం మిర్చి యార్డులో అడ్తి దుకాణంలో గుమాస్తా. సీజన్ అంతా ఆ ఘాటుకు దగ్గుతూనే ఉంటాడు. ఈ రోజూ మాట మధ్యలో రెండుసార్లు ఆగాడు.

"ఎంతిస్తామన్నరు బిడ్డా?"

"చేతికి ఇరవై ఒక్క వేలు నాన్నా."

"ఆగు, రాసుకుంట. ఖర్చులు చెప్పు."

హాస్టల్ 7,000, రైలుకు 2,000, ఫోన్ 350, పైఖర్చులకు ఇంకో 2,000 అని చెప్పాను. ఆయన అటు పక్క పైకి అంటూ కూడాడు. తొమ్మిది వేల ఎనిమిది వందల పైన మిగులుతాయి. "ఆర్నెల్లలో కాలేజీ బాకీ తీరుతది" అన్నాడు. కాగితాల సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "పొద్దున ఆఫీసు తీయంగనే పో. గట్టిగ మాట్లాడకు, కానీ కాగితం చేతికిచ్చేదాక లేవకు" అన్నాడు. ముప్పై ఏళ్లుగా యార్డులో అమ్మిన సరుకు పట్టీ డబ్బుల కోసం కూర్చునే రైతులను చూస్తున్న మనిషి.

లెక్క వేసిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. ఇందాకే ఆయన కూడా ఒక ఫొటో పంపాడు. ఆవర్జా పుస్తకంలో, అంటే దుకాణం ఖాతాల పుస్తకంలో, ఒక పేజీ. దుకాణంలో రాసే గుండ్రటి అక్షరాలతోనే రాశాడు: "చిన్నమ్మాయి జీతం, 21,199." జమ వైపు రాయలేదు. రావలసినవి కింద రాశాడు.

అలారం ఐదున్నరకు పెట్టుకున్నా. కాలేజీ ఆఫీసు పదింటికి తీస్తారు.