వానొస్తే పండగ కదా?

'రెయినీ డే ఫండ్' అంటే ఏమిటో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మని మూడో తరగతి చదివే మా అమ్మాయికి బళ్లో చెప్పారు. మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. దాని దృష్టిలో పెద్దవాళ్లంటే తాతే. మా నాన్న అనంతపురం దగ్గర పల్లెలో శెనక్కాయ పండించిన మనిషి.

"తాతా, వాన పడే రోజు కోసం మనీ దాచుకోవాలట. ఎందుకు?"

ఆయన ఎప్పటిలాగే ఫోను చెవికి ఆనించుకున్నాడు. వీడియో కాల్ నిండా చెవే.

"వానొస్తే పండగ గదమ్మా! దానికి దుడ్లు దాచేదేంది? వాన రాకపోతే గదా దాచింది తీసేది!"

దుడ్లంటే డబ్బులని చెప్పాను. "అయితే తాత రాంగా? టీచర్ రాంగా?" అంది నా వైపు తిరిగి.

'రెయినీ డే' అన్న మాట ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 16వ శతాబ్దపు నాటకంలోనే కనిపిస్తుంది. అక్కడ ముసురు పడితే పొలం కూలీకి పనీ ఉండదు, కూలీ ఉండదు. కష్టకాలానికి వాన పేరు పెట్టుకున్నారంటే వింతేమీ లేదు. అనంతపురంలో ఏడాది మొత్తం కలిపినా కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. నాన్న చిన్నప్పుడు పండిన ఏడాది నేలలో పాతర తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి మట్టి కప్పేవాళ్లట. కరువొస్తే తెరిచేవాళ్లు. తెరిచిన వెంటనే మాత్రం ఎవర్నీ దిగనిచ్చేవాళ్లు కాదు, లోపల ఊపిరాడదని.

నాకు నవ్వొచ్చేది టెక్సస్ సంగతి. 1988లో ఓటర్లు ఒప్పుకోగా రాష్ట్రం ఒక నిధి పెట్టుకుంది. చమురు, గ్యాస్ పన్నుల్లోంచి దాంట్లో డబ్బు పడుతుంది. అసలు పేరు ఎకనామిక్ స్టెబిలైజేషన్ ఫండ్ అయినా జనం పిలిచేది రెయినీ డే ఫండ్ అనే. ఆగస్టులో మా పెరట్లో గడ్డి మాడిపోతుంటే, వాన పడితే చాలని మొక్కే ఊళ్లో ఆ పేరు!

హోంవర్కులో తాత చెప్పిందీ, ఇంగ్లండ్ సంగతీ రెండూ రాసుకుంది. తర్వాత తన చిల్లర వేసుకునే ఆవకాయ సీసా మీద పాత చీటీ పీకేసి కొత్తది అంటించింది. తెలుగులోనే, నన్ను అడక్కుండా: 'వన రాని రోజు'. దీర్ఘం మర్చిపోయింది. నేను దిద్దలేదు.