పన్నెండు ఫొటోలు, ఒక బకెట్టు ఐసు

మొదటి ఫిల్ము రీలు పోయిందని ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఎవరికైనా పనికొచ్చే సంగతంటూ ఉంటే అది ఆ రీలు పోయిన తీరులోనే ఉంది.

కెమెరా యాషికా మ్యాట్ 124జి. 1970లో వచ్చిన మోడల్, రెండు లెన్సులుంటాయి, పైదాంట్లోంచి మనం చూస్తాం, కిందిదాంట్లోంచి ఫొటో పడుతుంది. శ్రీకాకుళంలో ఒక పాత స్టూడియో మూసేస్తుంటే బీరువా అడుగున దొరికింది. సముద్రం గాలికి పై లెన్సులో బూజు సాలెగూడులా అల్లేసింది, కానీ కింది లెన్సు శుభ్రంగా ఉంది, నాకు కావాల్సిందీ అదే. వెలుగు కొలిచే మీటరు పనిచెయ్యదు. దానికి పాతకాలం మెర్క్యురీ బ్యాటరీ కావాలి, అవి ఇప్పుడు రావడం లేదు. సరే, ఫోన్లో లైట్ మీటర్ యాప్ వేసుకున్నాను. ఎండలో అయితే అదీ అక్కర్లేదు, 400 స్పీడు ఫిల్ముకి లెన్సు కన్నం ఎఫ్16, షట్టరు సెకనులో 500వ వంతు పెట్టేస్తే చాలు.

రీలుకి పన్నెండే ఫొటోలు. ఫిల్ము, కెమికల్స్, కొరియర్ కలిపి లెక్కేస్తే నాకు ఒక్కో నొక్కుకి వంద రూపాయలకి అటూఇటూ పడింది. అందుకని మొదటి రోజు కళింగపట్నం బీచ్‌లో గంటన్నర తిరిగి నాలుగు తీశాను. పైనుంచి తల వంచి చూసే అద్దంలో కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. లైట్‌హౌస్‌ని ఫ్రేములో కుడికి జరుపుదామని నేనటు తిరిగితే అది ఎడమకి పారిపోతుంది. పక్కనే వల బాగుచేసుకుంటున్న ఒకాయన నా తిప్పలు చూసి నవ్వాపుకోలేకపోయాడు.

మిగతా ఎనిమిదీ తీసేశాక రీలు బయటికి తీశాను, మిట్టమధ్యాహ్నం, ఇసుక మీద నిలబడి! ఈ కెమెరాలో వేసే 120 ఫిల్ముకి డబ్బీ ఉండదు, నల్లకాగితం చుట్టే దానికి రక్ష. చుట్ట వదులుగా ఉంటే అంచుల్లోంచి వెలుగు లోపలికి పాకుతుంది. నాది వదులైంది. చివర కాగితం పట్టీని నాలుకతో తడిపి అంటించే లోపే గాలికి ఇంకొంచెం విచ్చుకుంది. నీడ కోసం పది అడుగులు వెయ్యొచ్చు కదా అని మీరంటారు, మా ఆవిడ కూడా అదే అంది.

ఇంటికొచ్చి కడగడం మొదలెట్టాను. మా చిన్నప్పుడు రీలు స్టూడియోలో ఇచ్చేసి వారం తర్వాత వెళ్లేవాళ్లం, ఇప్పుడు దగ్గర్లో ఆ పని చేసేవాళ్లు నాకు కనబడలేదు, మనమే కడుక్కోవాలి. చీకటి సంచిలో చేతులు పెట్టి, వెలుగు లేకుండా ఫిల్ముని ప్లాస్టిక్ స్పూలు గాడిలోకి ఎక్కించాలి. మే నెల. ఫ్యాను ఉన్నా సంచిలో చేతులు ఉడికిపోతాయి. రెండు నిమిషాలకి వేళ్లకి చెమట, చెమట తగిలితే ఫిల్ము గాడిలో జారదు, అంటుకుపోతుంది. బలవంతంగా తోస్తే నెలవంకలా మడత పడుతుంది. చేతులు బయటికి తీసి తుడుచుకోవాలంటే ముందు ఫిల్ముని చీకట్లోనే కడిగే ట్యాంకులో వేసి మూతెయ్యాలి, ఆ మూతేమో వెతికితే చేతికి దొరకదు. ముప్పావుగంట పట్టింది. మధ్యలో కాలింగ్ బెల్లు మోగింది, ఎవరో ఏమో ఇప్పటికీ తెలీదు.

ఇక నీళ్లు. హెచ్‌పి5 అనే నలుపు తెలుపు ఫిల్ముకి, బొమ్మని బయటికి తెచ్చే డి-76 డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. ఆ 20 అన్న అంకెని నేను పట్టించుకోలేదు. పొద్దున్న ఇంటి ట్యాంకు నీళ్లు చేతికి చల్లగానే తగిలాయి కదా అనుకున్నాను. తర్వాత థర్మామీటర్ పెడితే 33. అంత వేడిలో 11 నిమిషాలంటే మాడబెట్టినట్టే. నెగటివ్ బయటికొచ్చేసరికి ఆకాశం తారులా నల్లగా ఉంది, అంచుల్లో బీచ్ ఎండ తాలూకు మరకలు. పన్నెండింటిలో ఒక్కటీ పనికి రాలేదు. వారం రోజులు కెమెరా ముట్టుకోలేదు.

రెండో రీలు జూన్‌లో. ఈసారి పొందూరు వెళ్లాను. అక్కడ నూలు వడికే ఒక మామ్మ మాకు తెలిసినవాళ్ల తరఫు. పొందూరు ఖద్దరుకి పత్తిని ఇప్పటికీ వాలుగ చేప దవడతో దువ్వుతారు, సన్నటి పళ్ల దువ్వెనలాంటి ఎముక, అది నా చేతికిచ్చి చూడమంది. గుమ్మం పక్కన వెలుగు ఒక్కవైపు నుంచే వస్తోంది. మీటరు చూస్తే ఎఫ్3.5, సెకనులో 30వ వంతు. ఈ కెమెరాలో అద్దం పైకి లేచి కొట్టుకోవడం ఉండదు కాబట్టి పట్టీ మెడకి బిగించి, ఊపిరి బిగబట్టి నొక్కితే ఆ వేగంలోనూ కదలదు.

కష్టం ఫోకస్‌తో. అంత దగ్గర్లో లెన్సు పూర్తిగా తెరిస్తే కన్ను స్పష్టంగా ఉంటే చెవి ఉండదు. ఫోకస్ అద్దం మీదికి వంగి భూతద్దంలోంచి మామ్మ కనుబొమ్మ వెతుకుతున్నాను.

"ఏటి బావూ, నా కాళ్లకి దండం ఎడతన్నావా?"

"లేదు మామ్మా, ఫొటో తీస్తున్నాను."

"మరి నాకేసి సూడవేటి?"

అంతవరకూ పాతకాలం స్టూడియోలో కూర్చున్నట్టు నిటారుగా, గుడ్లప్పగించి ఉన్న మనిషి, వీడు ఎలాగూ తనని చూడట్లేదని తేల్చుకుని రాట్నం తిప్పుకోవడం మొదలెట్టింది. నాకు కావాల్సింది అదే, రెండు నొక్కాను. ఒకదాంట్లో తల పైభాగం తెగింది. చూసే లెన్సు పైన, తీసే లెన్సు కింద, దగ్గరకెళ్లేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. రెండోది కుదిరింది.

మిగతా రీలు శాలిహుండం కొండ మీద. పైనుంచి వంశధార, ఇసుక మేటలు, దూరంగా తాడిచెట్లు. చదరపు ఫ్రేములో నదిని ఇరికించడం నాకింకా రాలేదు, అడ్డంగా సాగే నదికి ఈ ఆకారం సరిపడదు. బౌద్ధ స్థూపం గుండ్రటి ఇటుక పునాది మాత్రం అందులో అచ్చంగా కూర్చుంది. రీలు చెట్టునీడలో, చొక్కా కింద పెట్టుకుని తీశాను.

కడగడం ఈసారి తెల్లవారుజామున నాలుగున్నరకి, సంచి మానేసి బాత్రూమ్ తలుపు సందులకి దుప్పట్లు కుక్కి. చేతులు పొడిగా ఉండేసరికి ఫిల్ము రెండు నిమిషాల్లో ఎక్కింది. బకెట్టు నీళ్లలో చేపల బజారు నుంచి తెచ్చిన ఐసు వేసి డెవలపర్ సీసా, బొమ్మని నిలిపే హైపో సీసా, కడిగే ట్యాంకు అన్నీ అందులోనే నిలబెట్టాను. 20 దాకా దించడం కష్టం కాదు, 11 నిమిషాలు అక్కడే నిలపడం కష్టం. అందుకని 24 దగ్గర ఆపి, ఫిల్ము కంపెనీ పట్టిక ప్రకారం టైము ఎనిమిది నిమిషాల లోపుకి తగ్గించాను. హైపో, కడిగే నీళ్లు కూడా దాదాపు అదే వేడిలో ఉంచాను. ఆరబెట్టినప్పుడు ఏడో ఫ్రేము మీద ఒక దోమ వాలి అక్కడే అతుక్కుపోయింది. దాని కాళ్లు ఇప్పటికీ వంశధార మీద ఉన్నాయి, తీస్తే ఫిల్ము మీది ఎమల్షన్ పూత గీసుకుపోతుందని వదిలేశాను.

మామ్మ ఫొటో పెద్దది చేయించి పట్టుకెళ్లాను. ముఖం ముడతలు, వేళ్ల మధ్య పత్తి, అన్నీ లెక్కపెట్టొచ్చు, తిరుగుతున్న రాట్నం మాత్రం పొగలా ఉంది. ఆవిడ దగ్గరగా పెట్టుకుని చూసి, తిప్పి వెనకాల కూడా చూసింది.

"బాగుంది గానీ, నా సీర రంగేదీ?"

ఆకుపచ్చ చీరకి ఎర్ర అంచు, నాకు గుర్తుంది. కలర్ ఫిల్ము కడగాలంటే ఏం కావాలో ఆ రాత్రే చూశాను. డెవలపర్ దాదాపు 38 డిగ్రీల దగ్గర ఉండాలట, మూడుంబావు నిమిషాలు. వచ్చే మే నెలలో మా ట్యాంకు నీళ్లని ఇంకో ఐదు డిగ్రీలు వేడి చేస్తే చాలు.