పెండెంట్ క్రేన్‌కి రేడియో రిమోట్: ఆటోనగర్‌లో నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో నేను పనిచేసే షెడ్డులో 5 టన్నుల సింగిల్ గర్డర్ (ఒకే అడ్డ దూలం) క్రేన్ ఉంది. దాని పెండెంట్ (క్రేన్ నుంచి వేలాడే బటన్ల పెట్టె) కేబుల్ లోపల తీగలు ఊరికే తెగిపోయేవి. ఒకరోజు ‘కిందికి’ పలకదు, ఇంకోరోజు పక్కకి కదలదు. అతుకులు వేయించీ వేయించీ విసిగి ఓనరుగారు రేడియో రిమోట్ తెప్పించారు. “పెండెంట్‌కి పోయే వైర్లే కదయ్యా, దీనికిచ్చెయ్యి, సాయంత్రానికల్లా అయిపోద్ది” అన్నారు. క్రేన్‌ని కదిలించడం వరకైతే ఆయన మాట నిజమే. ఆపడం దగ్గరే పనంతా.

ముందు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ చూశాను. క్రేన్ రిమోట్ల కోసమే మన దేశంలో 2005లో 335 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్సు అక్కర్లేని ఛానళ్లు ఇచ్చారు, మాది ఆ రకమే. మెయిన్ కట్టేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని పైకెక్కాను. ఎండాకాలం రేకుల కింద గర్డర్ మీద కూర్చోవడమంటే ఎలా ఉంటుందో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు.

ప్యానెల్లో పాత రిపేర్ల పుణ్యమా అని వైర్లన్నీ ఒకే రంగు. మల్టీమీటర్‌తో ఒక్కోటీ పట్టుకుని నంబర్లు వేశాను. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ 415 నుంచి 110 వోల్టులకి దించుతోంది, రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునే పెట్టె) కూడా 110దే. ఇది కొనేముందే చూసుకోవాలి.

రిసీవర్లో ఆరు కదలికలకి ఆరు రిలేలు (సిగ్నల్‌తో పనిచేసే చిన్న స్విచ్చులు), అవి కాక ఒక మెయిన్ రిలే. ఆరింటి వైర్లనూ సరిగ్గా పెండెంట్ బటన్ల వైర్లు వచ్చి చేరే టెర్మినళ్ల మీదికే తెచ్చాను. దగ్గర కదా అని నేరుగా కాంటాక్టర్ (మోటారుకి కరెంటిచ్చే పెద్ద స్విచ్) కాయిల్ మీదికి లాగేవాళ్లున్నారు. అలా లాగితే మధ్యలో ఉన్న లిమిట్ స్విచ్ (హద్దు దగ్గర ఆపేది), ఎదురు కాంటాక్టర్ ఇంటర్‌లాక్ (పైకి, కిందికి ఒకేసారి ఆన్ కాకుండా చూసేది) రెండూ పక్కకి పోతాయి. హుక్కు వెళ్లి డ్రమ్ముకి కొట్టుకునేదాకా ఆపేదేదీ ఉండదు.

మెయిన్ రిలేని క్రేన్ మొత్తానికి కరెంటిచ్చే మెయిన్ కాంటాక్టర్ కాయిల్‌తో సిరీస్‌లో పెట్టాను. రిమోట్ మీద ఎమర్జెన్సీ నొక్కినా, సిగ్నల్ పోయినా ఆ రిలే పడిపోతుంది (ఆఫ్ అవుతుంది), దాంతో మెయిన్ కాంటాక్టర్ పడుతుంది, కరెంటు పోగానే స్ప్రింగ్ బ్రేకు పట్టేస్తుంది. ‘మెయిన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందిగా’ అని దీన్ని వదిలేసిన ప్యానెళ్లు చూశాను. హాయిస్ట్ (బరువు ఎత్తి దించే మోటారు) కాంటాక్టర్‌లో కరెంటు కలిపే టిప్పులు అతుక్కుపోయిన రోజున బటన్ వదిలినా లోడు ఆగదు. అప్పుడు దిక్కు ఆ రిలే ఒక్కటే.

పెండెంట్ తీసెయ్యమన్నారు ఓనరుగారు. నేను ఒప్పుకోలేదు. సెలెక్టర్ స్విచ్ పెట్టి, ఒకసారికి ఒకటే పనిచేసేలా చేశాను. బ్యాటరీ అయిపోయినప్పుడు గాల్లో బీము వేలాడుతూ ఉంటే ఏం చేస్తారు మరి?

కరెంటు ఇచ్చి చూస్తే ఇంకో తలనొప్పి. హాయిస్ట్ కాంటాక్టర్ పడినప్పుడల్లా రిసీవర్ లింకు పోతోంది. ఆఫ్ అయ్యేటప్పుడు కాయిల్స్ వదిలే స్పైకుల (ఒక్క క్షణం ఎగసే వోల్టేజీ) వల్ల అది. డయోడ్ వెయ్యమని ఒకరన్నారు. డీసీ కాయిల్‌కైతే సరే, ఏసీకి వేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. రెసిస్టరు, కెపాసిటరు కలిసిన స్నబ్బర్లు తెచ్చి ప్రతి కాయిల్‌కీ కట్టాను. ఇనప ప్యానెల్లో ఉన్న యాంటెనాని బయటికి తీశాను. లింకు నిలబడింది.

ఫేజులు కూడా చూశాను. రెండు ఫేజులు తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది, ‘కిందికి’ నొక్కితే హుక్కు పైకి పోతుంది. పై లిమిట్ ఉండేది ‘పైకి’ కాంటాక్టర్ దారిలో. ఇప్పుడు నడిచేది ‘కిందికి’ కాంటాక్టర్ కాబట్టి, ఆ లిమిట్ కరెంటు తెంపినా హుక్కు ఆగదు.

క్రేన్ నడిపే బాబాయ్ రిమోట్ పట్టుకుని అటు తిరిగి ఓసారి, ఇటు తిరిగి ఓసారి నొక్కి చూసి, “కుడీ ఎడమా నాకొద్దు అబ్బాయ్, దిక్కులు రాయి” అన్నాడు. మంచి మాట. పెండెంట్ క్రేన్‌తోపాటే వేలాడుతుంది, రిమోట్ పట్టుకున్న మనిషి ఎటైనా తిరుగుతాడు. గర్డర్ మీద, రిమోట్ మీద తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని పెద్దక్షరాల్లో రాయించాం.

లోడు ఎత్తేముందు ఖాళీ హుక్కుతో ఎమర్జెన్సీ నొక్కి చూశాం. తర్వాత క్రేన్ నడుస్తుండగానే బాబాయ్ చేత బ్యాటరీ ఊడదీయించాను. కాంటాక్టర్ టక్కున పడింది, క్రేన్ ఆగింది. ఆ పరీక్ష వారానికోసారి, సోమవారం పొద్దున్నే ఆయనే చేస్తున్నాడు. రిమోట్ తాళంచెవి కూడా ఆయన దగ్గరే ఉంటుంది, కుర్రాళ్లకివ్వడు.