చేపల షెడ్డులో నాటకం

ఈ మధ్యంతా ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ గురించే చదువుతున్నా. మనసు అక్కడే ఉండిపోయింది. 1915లో అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో జార్జ్ క్రామ్ కుక్, సుసాన్ గ్లాస్పెల్ దంపతులు స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన నాటక బృందం ఇది. రేవులోని పాత చేపల షెడ్డే థియేటర్. అమెరికన్ నాటకకర్త యూజీన్ ఓనీల్ నాటకం మొదటిసారి స్టేజీ ఎక్కింది 1916లో, అక్కడే. కథ ఓడలో చావుబతుకుల మధ్య ఉన్న నావికుడిది. షెడ్డు కింద నిజం సముద్రం! ఏ సెట్టింగు సాటొస్తుంది దానికి?

అదే వేసవిలో గ్లాస్పెల్ 'ట్రైఫిల్స్' నాటకం రాసింది, తనే నటించింది కూడా. వంటింట్లో సగం తుడిచి వదిలేసిన బల్ల, ఉన్నట్టుండి అస్తవ్యస్తమైన బొంత కుట్టు... వాటిని చూసి ఇద్దరు ఆడవాళ్లు హత్య వెనక కారణం పట్టేస్తారు. ఆధారాల కోసం ఇల్లంతా వెతికే మగవాళ్లకి అవి కనిపించనే కనిపించవు. ఆ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఓనీల్‌తో సమానంగా గ్లాస్పెల్ పేరూ మనవాళ్ల నోళ్లలో నానాలి.